పెపమ్మకు వన్స్ మోర్

కడప జిల్లాకు వెళ్ళొచ్చానని చెప్పగానే మా తెనాలిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న, గండికోట చూశారా అని. చూడలేదు. జమ్మలమడుగులో ఒక రోజంతా ఉండి, ఆటో ఎక్కితే అరగంటలో చేరే కోటను చూడకుండా వచ్చేసిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. నేను వెళ్ళింది స్పెయిన్ మహారాజును చూడడానికి. ఆయన ప్రొద్దుటూరులో కిరీటం అద్దెకు తెచ్చుకుని, పులివెందులలో పద్యం పాడబోతున్నాడని నాకు ఉత్తరం వచ్చింది. కోట ఎక్కడికీ పోదు, ఈ రాజు మళ్ళీ దొరకడు అనుకుని బయల్దేరాను.

సంగతేమిటంటే, ముప్పై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. ఎప్పుడో ఒక మాసపత్రికకు, స్పెయిన్‌లో రాజుకూ రాజ్యాంగానికీ జరిగిన కుస్తీ మీద రెండు పేజీల వ్యాసం రాశాను. రాసి నేనే మరిచిపోయాను. జమ్మలమడుగు నుంచి దేవదానం మాస్టారనే రిటైర్డ్ తెలుగు పండితులు ఈ మధ్య ఉత్తరం రాశారు. మీ వ్యాసం ఆధారంగా పద్యనాటకం రాశాను, ఇప్పటికి ఆరు ఆటలు ఆడాం, రాజ్యాంగ దినోత్సవం నాడు పులివెందుల కాలేజీలో ప్రదర్శన, రెండు రోజుల ముందు ప్రొద్దుటూరులో ఒక ఆట, వచ్చి చూసి తప్పులుంటే దిద్దండి అని. ఆ చివరి మాట నమ్మినందుకు నన్ను నేనే అనుకోవాలి.

స్పెయిన్ గొడవ తెలియనివారికి నాలుగు ముక్కల్లో చెబుతాను. రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రెంచి చక్రవర్తి ఆ దేశం మీద పడి, రాజును పట్టుకుపోయి తన దేశంలో ఉంచాడు. రాజు లేని సమయంలో ప్రజాప్రతినిధులు కాడిజ్ అనే ఓడరేవులో, బయట ఫిరంగులు మోగుతుంటే లోపల కూర్చుని, రాజుకు కూడా హద్దులు గీస్తూ ఒక రాజ్యాంగం రాశారు. అది యోసేపు పండగ నాడు వెలువడింది కాబట్టి జనం దానికి ‘పెపా’ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ యోసేపు పేరు పెట్టుకున్న ఆడపిల్లలను ముద్దుగా అలా పిలుస్తారు. రాజు తిరిగొచ్చి పెపాను రద్దు చేసి, రాసినవాళ్ళను జైల్లో పెట్టాడు. ఆరేళ్ళకు సైనికులు తిరగబడితే భయపడి అదే రాజ్యాంగానికి ప్రమాణం చేశాడు. మూడేళ్ళ తర్వాత ఫ్రెంచి సైన్యం అండతో మళ్ళీ మాట తప్పాడు. ఆయన పోయాక కూతురి పక్షమూ తమ్ముడి పక్షమూ కొట్టుకుంటుంటే, ఆ సందట్లో పెపా మూడోసారి వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళ్ళింది. ఇంతే కథ. మాస్టారు దీన్ని ఐదు రంగాలు చేసి, పెపాను పెపమ్మను చేశారు.

ఎర్రగుంట్ల: మొదటి ముద్ద

పొద్దున్నే ఎర్రగుంట్లలో రైలు దిగాను. సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊరు కదా, రోడ్డు పక్క చెట్లు కూడా పౌడరు రాసుకున్నట్టున్నాయి. లారీల వరస చూస్తే రోడ్డు దాటడం అనే ఆలోచనే మానుకోవాలనిపిస్తుంది. స్టేషను బయట మాస్టారు నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా, మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, చంకలో అట్ట వేసిన నోటుబుక్కు. ఆ నోటుబుక్కే నాటకం. మూడు రోజుల్లో ఆయన చంకలోంచి అది దిగగా చూసింది రెండు మూడు సార్లే.

పక్కన సుగుణ. ఆమే పెపమ్మ వేషం. జమ్మలమడుగులో మిషన్ కాంపౌండు వెనక వీధిలో ఉంటుంది. ఎకరం శనగ చేను, ఒక ఎనుము ఉన్నాయి. ఎనుమంటే మేము గేదె అనేదే. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమేనట. పాడడం రాదుగానీ ఆమె మామూలుగా మాట్లాడినా అయిదు బెంచీల అవతలికి వినిపిస్తుంది.

ముందు ఉగ్గాని తినిపించారు. బొరుగులు, అంటే మా మరమరాలు, నీళ్ళలో తడిపి పిండి, తాలింపులో కలిపి పైన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. ప్లేటు నలభై రూపాయలు. నేను గుంటూరు పక్కదాన్ని, నాకు కారం ఒక లెక్కా అని కాస్త గొప్పకు పోయి బజ్జీ కొరికాను. రెండో బజ్జీకి కళ్ళు, మూడో బజ్జీకి ముక్కు కారడం మొదలయ్యాయి. సుగుణ నీళ్ళ గ్లాసు జరిపి, “మీ గుంటూరోళ్ళు మిరక్కాయలు పండిస్తారు మేడం. తినేది మేము,” అంది. ఆ పూట నుంచి నేను గొప్పలు మానేశాను.

ప్రొద్దుటూరు దారిపొడుగునా చేలకు, ఇళ్ళకు, స్కూళ్ళకు నాపరాతి బండలే కంచెలు. మా వైపు ఈ బండలు తెప్పించుకుని నేల మీద పరుచుకుని మురిసిపోతాం. ఇక్కడ అవి నిలువునా పాతుకుని ఉంటాయి, పశువుల తొట్టెలవుతాయి, బస్టాపులో బెంచీలవుతాయి. పదకొండింటి ఎండలో అలాంటి బెంచీ మీద నేను హాయిగా కూలబడి, అంతకంటే వేగంగా లేచాను.

ప్రొద్దుటూరు: అద్దె కిరీటం

ప్రొద్దుటూరులో బంగారం కొట్ల వీధి చూస్తే పెళ్ళి కాని పిల్లలున్న తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. నేను వెండి మెట్టెల జత కొనుక్కుని పరువు దక్కించుకున్నాను. ఎర్రకారం పూసి పప్పుల పొడి చల్లిన దోశ ఒకటి తిన్నాను. ముప్పై అయిదు రూపాయలు. ఈసారి ముందే పెరుగు తెప్పించుకున్నాను.

ఆ తర్వాత డ్రస్ కంపెనీ. నాటకాలకు కిరీటాలు, గదలు, భుజకీర్తులు అద్దెకిచ్చే చోటు. ఓనరు ఖాదర్ భాయ్, మేకప్ కూడా ఆయనే వేస్తాడు. నేను ఎంతో శ్రద్ధగా ఫోనులో స్పెయిన్ రాజు పాత పటం చూపించాను. నల్ల కోటు, ఛాతీ మీద అడ్డంగా పట్టీ, నాలుగు పతకాలు. ఖాదర్ భాయ్ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఈయప్ప రాజు మాదిరి యాడుండాడమ్మా? బ్యాంకు మేనేజరు మాదిరుండాడు,” అన్నాడు. “కిరీటం ల్యాకుండా స్టేజీ ఎక్కితే రాజని ఎవరు నమ్ముతారు?”

అలా స్పెయిన్ మహారాజుకు అద్దాలు పొదిగిన పౌరాణిక కిరీటం, భుజకీర్తులు, పాదాల దాకా మువ్వల అంచున్న అంగీ దక్కాయి. రాజ్యాంగ పక్షం వాళ్ళకు లాయరు కోట్లు కావాలని మాస్టారు ముందే చెప్పి ఉంచారు. తీరా మూట విప్పితే బ్యాండు మేళం వాళ్ళ ఎర్ర కోట్లు, బంగారు జరీ భుజాలతో సహా. లాయరు కోట్లు పొరపాటున ఏదో పెళ్ళి ఊరేగింపుకు వెళ్ళాయట. నల్ల కోట్లలో బ్యాండు వాయించిన ఆ పెళ్ళి ఎలా జరిగిందో గానీ, మా వాళ్ళు మాత్రం ఎర్ర కోట్లలో అచ్చం ఆ కాలపు ఐరోపా సైనికుల్లాగే ఉన్నారు. చరిత్ర దృష్టితో చూస్తే ఆ రోజు సరిగా కుదిరిన వేషం అదొక్కటే.

సుగుణకు తెల్ల చీర, కాళ్ళకూ చేతులకూ గొలుసు. ఆ గొలుసు అద్దెది కాదు. ఇంట్లో ఎనుముకు కట్టేదాన్ని కడిగి, బూడిదతో తోమి సంచిలో తెచ్చుకుంది. అట్ట గొలుసైతే చప్పుడు రాదని మాస్టారు వద్దన్నారట.

రాజు మధ్యాహ్నం బస్సు దిగి వచ్చాడు. నరసింహ శర్మ, రాజుపాలెం మండలాఫీసులో గుమాస్తా. ఊళ్ళో గుడి అర్చకత్వం అన్నగారిది, పద్యం ఈయనది. మామూలప్పుడు శర్మగారు పిల్లి నడిచినట్టు నడుస్తారు, ఆఫీసరు ఫోను చేస్తే కూర్చున్నవారు లేచి నిలబడి మాట్లాడతారు. ఆ మనిషికి కిరీటం పెట్టగానే ఏమవుతుందో నేను ఊహించలేదు.

ప్రొద్దుటూరు: మూడు వన్స్ మోర్లు

ఒక కల్యాణ మండపంలో మధ్యాహ్నం మూడింటికి ఆట. నిండా జనం. తెనాలి నాటకాల ఊరని మాకు కాస్త గర్వం ఉంది, కానీ ఇక్కడి శ్రోతలను చూశాక తల వంచాను. మార్కెట్‌లో పత్తి అమ్ముకుని వచ్చినవాళ్ళు, రిటైర్డ్ కండక్టర్లు, ఒక దంతవైద్యుడు. హార్మోనియం మీద ఒక్క మెట్టు నొక్కితే ఇది ఏ రాగమో పక్కవాడికి చెబుతున్నారు.

రెండో రంగంలో రాజు తిరిగొస్తాడు. శర్మగారు నిండు కిరీటంతో వచ్చి, పెపమ్మను గొలుసులతో కట్టించి, కాలు ముందుకు వేసి అందుకున్నారు.

నేనె చట్ట మిచట నేనే ప్రభుత్వంబు
కాగితమ్ము నన్ను కట్టగలదె
సంతకమ్ము పెట్టి చప్పున చెరిపెద
వేయుమార్లు వత్తు వినుడు ప్రజలు

ఆ ‘కట్టగలదె’ దగ్గర ఆయన గొంతు పైకి వెళ్ళి, అక్కడే తిరిగి తిరిగి, ఎప్పటికో దిగింది. నా ఒళ్ళు జలదరించింది. నియంతను నేను జీవితమంతా పాఠాల్లో తిట్టాను, ఆ క్షణంలో మాత్రం ఆయన కింద ప్రజగా ఉండడానికి నాకేమీ అభ్యంతరం కనిపించలేదు. హాలంతా ఒక్క గొంతుతో వన్స్ మోర్ అంది. వాళ్ళతో నేనూ అన్నానని ఒప్పుకోవాలి.

పద్యనాటకంలో ఆ మాటకు తిరుగు లేదు. జనం వన్స్ మోర్ అన్నారంటే చచ్చిన పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్ళీ చావాల్సిందే. శర్మగారు రెండోసారి పాడారు, మూడోసారి పాడారు, నాలుగోసారీ పాడారు. ప్రతిసారీ రాగాన్ని ఇంకాస్త సాగదీశారు. ఈ లోపల మండపం వాళ్ళు వచ్చి, సాయంత్రం రిసెప్షన్ ఉంది, అయిదింటికి ఖాళీ చేయాలని తెర లాగేశారు. పెపమ్మ నోరు విప్పకుండానే నాటకం అయిపోయింది. తెర వెనక సుగుణ గొలుసులతోనే కూర్చుని ఉంది, ముంజేతుల మీద ఎర్రటి గీతలు పడ్డాయి. జనం మాత్రం రాజు గొంతును పొగుడుకుంటూ సంతోషంగా ఇళ్ళకు వెళ్ళారు.

జమ్మలమడుగుకు వ్యానులో బయల్దేరాం. ఊరు దాటాక మాస్టారు నా వైపు తిరిగారు. “ఏడో ఆట మేడం ఇది. ఏడుసార్లూ ఆ దుర్మార్గునికే వన్స్ మోరు. పులివెందులలో పెపమ్మకు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పడల్ల. పడకపోతే ఈ నోటుబుక్కు పెట్టెలో పెట్టి తాళం వేస్తా.”

శర్మగారు వెనక సీట్లో మిరియాలు నములుతూ, తప్పంతా తనదే అన్నట్టు తల వంచుకుని కూర్చున్నారు.

జమ్మలమడుగు: నేను రాయని వాక్యం

మరుసటి రోజు ఆట లేదు. మిషన్ కాంపౌండులో, చర్చి పక్క హాలులో రిహార్సలు. నూటయాభై ఏళ్ళ కిందట దొరలు కట్టిన రాతి గోడలు, లోపలికి అడుగు పెడితే చల్లగా ఉంటుంది. మాస్టారి ముత్తాత ఆ రోజుల్లోనే బాప్తిస్మం తీసుకుని, ఇదే కాంపౌండులో అక్షరాలు నేర్చుకున్నాడట. ఆ అక్షరాల మీద ఉన్న గౌరవమే మాస్టారిని తెలుగు పండితుణ్ణి చేసిందని, అందుకే ఆయన ఇంత పట్టుదల మనిషి అయ్యారని నాకు మధ్యాహ్నానికి అర్థమైంది.

పెపమ్మకు పద్యాలు లేవు. సుగుణకు పాట రాదు కాబట్టి మాస్టారు వచనం రాశారు. ఆ వచనం ఇలా మొదలవుతుంది: “ఓ ప్రజలారా, శృంఖలాబద్ధనైన నన్ను విముక్తం గావింపుడు.” సుగుణ మూడుసార్లు తడబడింది. నాలుగోసారి ఆగి, ఎంతో మర్యాదగా అడిగింది. “సార్, గొలుసు అంటే సరిపోతాది గదా? మా ఈదిలో ఎవరికీ ఈ మాట తెలీదు.”

అక్షరం మారదన్నారు మాస్టారు. ఎర్ర కోటు వేసుకున్న కుర్రవాడు తన డైలాగు సగానికి కోయమన్నాడు. కామా కూడా కదలదన్నారు. శర్మగారు అంతటివారు కూడా, ఒకసారి పాడి ఊరుకుంటాను, నా పద్యమే ఒకటి తీసేయండి అని బతిమాలితే, ఎవరు ఏది పాడాలో రాసినవాడు నిర్ణయిస్తాడన్నారు. నేను అక్కడే కూర్చుని నోట్సులో రాసుకున్నాను: స్పెయిన్ రాజు వేషం తప్పు మనిషికిచ్చారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులను చూశాను గానీ, ప్రజాస్వామ్యం మీద నాటకం రాసి మూడే కాళ్ళనడం ఇదే చూడడం.

భోజనం సుగుణ ఇంట్లో. రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి, అంటే మా వేరుశనగ పచ్చడి. సంగటిని నమలకూడదట. ముద్ద తుంచి, పులుసులో అద్ది, అలాగే మింగాలి. నేను శ్రద్ధగా నమిలాను. పళ్ళకు అంటుకుపోయి నోరు తెరుచుకోక, అయిదు నిమిషాలు నేను మౌనంగా ఉండడం చూసి సుగుణ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళింది. బయట కొట్టంలో ఎనుము తాడుతో కట్టేసి ఉంది. గొలుసు నాటకానికి పోయింది కాబట్టి రెండుసార్లు తెంచుకుని పక్కవాళ్ళ చేను మేసి వచ్చిందట.

నోరు విడిపించుకున్నాక నేను మాస్టారిని ఒక ప్రశ్న వేశాను. ఆ కాడిజ్ రాజ్యాంగంలో కాథలిక్ మతం తప్ప ఇంకొకటి ఆచరించకూడదని ఉందని ఆయనకు తెలుసా అని. నా వ్యాసంలో అది రాశాను, కానీ ఒక ప్రొటెస్టెంటు అది చదివి కూడా ఎలా మెచ్చుకున్నారో నాకు అంతుపట్టలేదు.

“తెలుసు మేడం. ఆ రాజ్యాంగం కింద నేనూ సుగుణా ఆదివారం పూట ఇంట్లో కూచోవల్ల,” అన్నారు మాస్టారు. “అయినా రాజు చెయ్యి పట్టి ఆపిందది. రాసి అచ్చేసుకునే హక్కిచ్చింది. తప్పుంటే దిద్దుకోవల్ల, పారేయకూడదు. రాజ్యాంగమన్నాక సవరణలుంటాయి.”

“మీ నాటకానికో సార్?” అంది సుగుణ, పులుసు వడ్డిస్తూ.

“నాటకం వేరే,” అన్నారు మాస్టారు.

నాకు నవ్వొచ్చింది, కానీ ఆ వెంటనే సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే నాటకంలో అసలు తప్పు మాస్టారిది కాదు, నాది. వ్యాసంలో నేను ప్రజలు స్వేచ్ఛ కోరారు, రాజు కాదన్నాడు అని శుభ్రంగా రాసేశాను. చదివేవాళ్ళకు తేలిగ్గా ఉంటుందని, పత్రికలో చోటు కూడా తక్కువని. జరిగింది అంత శుభ్రంగా లేదు. రాజు తిరిగొచ్చినప్పుడు జనమే బండి గుర్రాలను విప్పేసి, తామే లాక్కుంటూ ఊరేగించారు. పెపాను రద్దు చేసినప్పుడు ‘సంకెళ్ళు వర్ధిల్లాలి’ అని కేకలు వేసింది కూడా జనమే. ఇది చెబితే మాస్టారి ముఖం ఎర్రబడింది. “ఇంత పెద్ద సంగతి యాడ దాచిపెట్టినారు మేడం?” అన్నారు. చోటు లేక అన్నాను. నా చెవులకే ఆ మాట బాగాలేదు.

ఇప్పుడైనా నాటకంలో చేర్చమన్నాను. రేపే ఆట, రాసింది మారదన్నారు. సుగుణ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. జనమే బండి లాగినారా అని అడిగింది. అవునన్నాను. తాడు భుజాన వేసుకునా అని అడిగింది. అవుననే అన్నాను.

పులివెందుల దారి

ముద్దనూరు మీదుగా వ్యాను వెళ్ళింది. నల్లరేగడిలో శనగ మొలకలు జానెడెత్తున ఉన్నాయి, ఆ తర్వాత కొండలు, ఆ తర్వాత ఎర్రనేల, పులివెందుల దగ్గరపడుతుంటే అరటి తోటలు, చీనీ తోటలు. చీనీ అంటే మా బత్తాయి. దారిలో ఒకచోట ఆపి రసం తీయించారు, గ్లాసు ముప్పై. ఐసు వేయబోతే శర్మగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆయనకు గొంతంటే ప్రాణం. ఎర్ర కోట్ల కుర్రాళ్ళు పాటలు పాడుకుంటున్నారు. మాస్టారు నోటుబుక్కును ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నారు. సుగుణ మాత్రం తనలో తానే పెదవులు కదుపుతోంది. వచనం బట్టీ పడుతోందనుకున్నాను.

పులివెందుల: పెపమ్మ నోరు విప్పింది

కాలేజీ ఆవరణలో షామియానా. ముందు పిల్లలంతా నిలబడి మన రాజ్యాంగ ప్రవేశిక చదివారు. మైకు కొంచెం కీచుమన్నా, ‘మేము’ అనే మాట దగ్గర అందరి గొంతులూ కలిశాయి. విద్యార్థులు కాక, చుట్టుపక్కల పల్లెల నుంచి నాటకం పిచ్చి ఉన్న రైతులు వచ్చి ముందు వరసలు ఆక్రమించుకున్నారు. శర్మగారి పేరు విని వచ్చినవాళ్ళే సగం మంది.

మొదటి రంగం బాగానే నడిచింది. రెండో రంగంలో రాజు వచ్చాడు, పెపమ్మకు గొలుసులు వేశారు, పద్యం మొదలైంది. శర్మగారు ఆ రోజు ప్రొద్దుటూరు కంటే బాగా పాడారు. వన్స్ మోర్. మళ్ళీ పాడారు. ఇంకోసారి వన్స్ మోర్. నేను పక్క తెర దగ్గర మాస్టారి వెనక నిలబడ్డాను. ఆయన నోటుబుక్కును రెండు చేతులతో ఛాతీకి అదిమి పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. పెట్టె, తాళం ఆయనకు కనిపిస్తున్నాయని నాకు తెలుసు.

శర్మగారు మూడోసారికి గొంతు సవరించుకుంటున్నారు. అప్పుడు స్టేజీ మూల నుంచి గొలుసు చప్పుడైంది. పెపమ్మ లేచి నిలబడింది. ఆమెకు ఇంకా డైలాగు లేదు. నాలుగడుగులు వేసి, రెండో మైకు దగ్గర ఆగింది.

“ఎవురప్పా వన్స్ మోర్ అంటాండేది?” అంది సుగుణ, చర్చిలో వాక్యం చదివే గొంతుతో. “ఈ గొలుసు మా ఎనుముది. దానికి కట్టింది నేను. నాకు కట్టింది ఎవరనుకుంటాండారు, ఈ రాజు ఒక్కడేనా? ఆ దేశంలో జనం గుర్రాలు ఇప్పేసి, తాడు బుజానేసుకోని, వాళ్ళే ఈయప్పను లాక్కోని పోయినారంట. సంకెళ్ళు సల్లగుండల్ల అన్యారంట. మీరూ ఇప్పుడు అదే చేస్తాండారు గదా? పద్యం శానా బాగుంది, నేనూ ఒప్పుకుంటా. పద్యం బాగుందని మెడ ఇస్తామా?”

హార్మోనియం ఆగిపోయింది. మాస్టారు కళ్ళు తెరిచారు. ఆయన మెడ నరాలు పొంగడం నాకు వెనక నుంచి కనిపించింది. నాకు భయం వేసింది, ఎందుకంటే ఆ గుర్రాల సంగతి ఆమెకు చెప్పింది నేనే. ఇక ఈ ఊళ్ళో నాకు చీనీరసం కూడా పుట్టదనుకున్నాను.

రెండో వరసలో తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన లేచాడు. ప్రొద్దుటూరులో శర్మగారికి మూడు వన్స్ మోర్లు కొట్టినవాళ్ళలో ఆయనా ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, “ఆ మాట ఇంగోసారి చెప్పు తల్లీ,” అన్నాడు.

వెనకనుంచి విద్యార్థులు అందుకున్నారు. వన్స్ మోర్, వన్స్ మోర్. తెనాలిలో పుట్టి పెరిగి ఎన్నో నాటకాలు చూశాను, వచనానికి వన్స్ మోర్ పడడం నేను విననైనా లేదు. శర్మగారు ఒక్క క్షణం తటపటాయించి, కిరీటం తీసి చంకలో పెట్టుకుని, తన మైకు స్టాండు ఎత్తి తెచ్చి సుగుణ ముందు నిలబెట్టారు. ఆమె మళ్ళీ చెప్పింది. అవే మాటలు కాదు, ఇంకా కొన్ని కలిశాయి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఈసారి బజ్జీల వల్ల కాదు.

ఆ తర్వాత నాటకం అయిదు రంగాలూ నడిచింది, ఒక్కరూ లేవలేదు. రాజు భయపడి ప్రమాణం చేస్తుంటే ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో, మళ్ళీ నమ్మినారు సూడు వాన్ని, అని పైకే అంది. ఆమె అన్నట్టే ఆయన మాట తప్పాడు.

ఆట అయ్యాక

గ్రీన్ రూమంటే ఒక క్లాసు గది. ఖాదర్ భాయ్ బెంచీల మీద కిరీటమూ భుజకీర్తులూ సర్దుకుంటున్నాడు. శర్మగారు అప్పటికే పిల్లి నడకలోకి వచ్చేశారు. సుగుణ గొలుసు విప్పి సంచిలో వేసుకుని, ఆ సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. మాస్టారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు, నోటుబుక్కు బల్ల మీద. నేను క్షమాపణ ఎలా మొదలుపెట్టాలా అని మాటలు కూర్చుకుంటున్నాను.

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. నోటుబుక్కులో పెపమ్మ పేజీ తెరిచారు. ‘శృంఖలాబద్ధనైన’ అన్న చోటు మీద వేలు పెట్టి కాసేపు చూసి, అడ్డంగా ఒక గీత గీశారు.

“ఆడ ఏమన్నావో ఇంగోసారి చెప్పు సుగుణా,” అన్నారు. “రాసుకుంటా.”

సుగుణ తెల్లబోయింది. “నాకే గుర్తుల్యా సార్,” అంది.

గుర్తు చేసుకోవడం అందరి పనీ అయ్యింది. గుర్రాలు విప్పిన ముక్క శర్మగారు చెప్పారు. మెడ ఇస్తామా అన్న ముక్క ఖాదర్ భాయ్ చెప్పాడు. తాడు సంగతి ఎర్ర కోటు కుర్రవాడు అందించాడు. తువ్వాలు పెద్దాయన కిటికీ అవతల నుంచి ఒక మాట కలిపాడు, అది ఆమె అసలు అనలేదని అందరూ అన్నారు, అయినా బాగుందని ఉంచారు. సంకెళ్ళ దగ్గర నేను ‘చల్లగా ఉండాలి’ అని చెబితే, ఆమె అట్లా అనలేదని నలుగురూ నన్ను దిద్దారు. మాస్టారు ఒక్కొక్కరి మాటా విని, తల ఊపి, రాస్తూ పోయారు. పేజీ నిండి అంచుల్లోకి పాకింది.

సుగుణ ఎప్పుడు లోపలికి వచ్చిందో గానీ, ఆయన భుజం మీదుగా వంగి చదువుకుంటోంది. చివరిదాకా చదివి, “మా ఎనుము మాట ఇడ్సిపెట్నారు సార్,” అంది.

మాస్టారు కళ్ళద్దాల పైనుంచి ఆమెను ఒకసారి చూశారు. మళ్ళీ పెన్ను మూత తీసి, గొలుసు అన్న మాట ముందు కాస్త చోటు చేసుకుని, ఎనుము కూడా రాశారు.